బెత్తెడు కొస

పొద్దున తొమ్మిదీ నలభైకి కోరుట్ల బస్టాండులో దిగాను. తొమ్మిదీ యాభై అయిదుకి అనురాధ ఇంటి వెనక దొడ్లో అడుగుపెట్టాను. అప్పటికే మహిపాల్ పడవ ఎక్కి కూర్చున్నాడు. ఆ రోజు నాకు అక్కడే చెడిపోయింది.

మహిపాల్‌ను చూస్తే నాకు కడుపు మంట. దాచుకోవడం ఎందుకు? ఆరేళ్ల కిందట నా దగ్గరే డిటెక్టివ్ పని నేర్చుకున్నాడు. ఇప్పుడు వాడికి జగిత్యాలలో ఏసీ ఆఫీసు, తెల్ల కారు, నెలకోసారి టీవీలో ముఖం. నేను ఇప్పటికీ ముస్తాబాద్ నుంచి బస్సుల్లోనే తిరుగుతున్నాను. వాడికి నాకంటే తెలివి ఎక్కువని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఓపిక ఎక్కువంటే మాత్రం ఒప్పుకోక తప్పదు, అందుకే మరీ మంట.

"రా దేవదాసన్నా, రా. నిచ్చెన పైలం. పడ్డవంటే నీ కేసు గూడ నాకే అప్పజెప్తరు," అన్నాడు పైనుంచి.

ముప్ఫై అడుగుల తెరచాప పడవ. సముద్రం వాసన కూడా తగలని ఊళ్లో, నాలుగు వైపులా లారీ టైర్ల ఆసరాతో, ఆరబోసిన పసుపు కొమ్ముల పక్కన నిలబడి ఉంది. పక్కన నీలం రంగుతో 'బాలవ్వ' అని తెలుగులో రాసుంది. అది పడవ యజమాని భూమన్న తల్లి పేరు.

భూమన్న కోరుట్లవాడు. పదహారేళ్లు మస్కట్‌లో తెరచాప పడవల మీద పని చేశాడు. ఇంటికొచ్చి ఊరికే కూర్చోలేక, కర్ణాటక తీరాన కార్వార్‌లో ఈ పాత పడవ కొని బాగుచేసుకున్నాడు. తోడుకు సిరిసిల్ల నుంచి అఖిల్‌నూ, అతని భార్య రమనూ పిలిపించుకున్నాడు. పద్నాలుగు నెలలు ముగ్గురూ ఆ పడవ మీదే కాపురం. ఇవాళ ఒక తీరాన లంగరు, నాలుగు రోజులకు ఇంకో తీరాన. ఫిబ్రవరి పదకొండున, పొద్దున అయిదూ నలభైకి, భూమన్న సముద్రంలో పడిపోయాడు. మూడో రోజు జాలరులకు శవం దొరికింది. కార్వార్ పోలీసులు ప్రమాదమని రాసి చేతులు దులుపుకున్నారు. పడవ లారీ ఎక్కి కోరుట్ల చేరింది.

అంతటితో అయిపోయేదే. భూమన్న వాళ్ల అన్న వెళ్లి మహిపాల్‌ను పెట్టుకున్నాడు. మహిపాల్ ఒక తాడు ముక్క ఫొటో తీసి కార్వార్ పంపించాడు. దెబ్బకు ఇద్దరు పోలీసులు దిగి కోరుట్ల లాడ్జిలో కూర్చున్నారు. సాయంత్రం అయిదింటికి సిరిసిల్ల వెళ్లి అఖిల్‌ను హత్య కేసు కింద తీసుకుపోతారు. అఖిల్ చంపాడో లేదో తేల్చడానికి నాకు ఏడు గంటలే ఉన్నాయి.

నన్ను పెట్టుకున్నది అనురాధ, భూమన్న భార్య. నలభై రెండేళ్లు ఉంటాయి. ఏడ్చి ఏడ్చి ఆగిపోయిన ముఖం. ఫోన్‌లో ఆమె అడిగిన మాట కొంచెం వింతగానే ఉంది.

"పడవ మీద ఉన్న గా ఇద్దరికి ఏమేం తెలుసో నాకు తెల్వాలె సార్. అన్నీ తెల్వాలె," అంది. చంపింది ఎవరో చెప్పమని అడగలేదు.

నిచ్చెన ఎక్కి పైకి చేరాను. మహిపాల్ ప్లాస్టిక్ కవర్లో ఉన్న తాడు ముక్క చూపించాడు.

"నడుం తాడు. పెద్ద గాలిల తెరచాప కాడ పని చేసేటప్పుడు నడుముకు బెల్టు, బెల్టుకు గీ తాడు, తాడు కొసకు కొక్కెం. కొక్కెం పడవకు తగిలిస్తరు. కాలు జారినా మనిషి పడవకే వేలాడ్తడు. అయినా భూమన్న నీళ్లల్ల పడ్డడు. ఎందుకన్నా?"

"నువ్వే చెప్పు. టీవీల చెప్పినట్టు చెప్పు."

వాడు నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి. "తాడు తెగలే. మధ్యల ముడి ఉండె. ముడి ఊడింది. సగం శవం నడుముకు దొరికింది, సగం కొక్కేనికి ఇక్కడ దొరికింది. సూడు, ముడి పడ్డ కాడ తాడు వంకర తిరిగింది. వంకర దాటినంక అరంగుళం గూడ లేదు. కత్తెరతోటి కోసిన్రు. గట్ల కోసేది ఎవరు? పోగు తెగితే ముడేసి కొస కోసేటోళ్లు. సాంచా నడిపేటోళ్లు. అఖిల్ సాంచా మీద పెరిగిన పోరడు."

మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచా అంటారు. వాడు చెప్పింది సరిగ్గానే ఉంది. నాకంటే ముందు వాడు చూశాడని నాకు ఒళ్లు మండింది. ఏదో ఒకటి తప్పు పట్టకపోతే నిద్ర పట్టేటట్టు లేదు. ఆ తాడు వదిలేసి, పడవ మీద ఉన్న మిగతా ముళ్లన్నీ ఒకటొకటే చూడడం మొదలుపెట్టాను.

రైలింగుకు కట్టిన బట్టలారేసే తీగ. ఎండకు వేసే టార్పాలిన్ మూలలు. బకెట్ తాడు. చుక్కాని తాడు. తెరచాపను గుంజే రెండు పొడవాటి తాళ్లు. మొత్తం ఇరవై ఆరు ముళ్లు. ప్రతి ముడికీ కొస బెత్తెడు వదిలి ఉంది. ప్రతి కొసా లైటరుతో కాల్చి, ఊడకుండా గట్టిపరిచి ఉంది. ఒక్కటి కూడా కత్తెరతో కోసింది లేదు.

"తమ్మీ, ఇరవై ఆరు ముళ్లల్ల ఒక్కటన్న కురచది చూపియ్యి."

మహిపాల్ తాడు కవరు ఎత్తి చూపించాడు. "గదే కదన్నా నేననేది. అన్నిటికి సరిగ్గ ఏసినోడు దీనికొక్కదానికి ఎందుకు కురచగ కోసిండు? ఊడాలెననే కోసిండు."

లోపలికి దిగాను.

లోపల ఒక మనిషి వంగి నడిచేంత ఇల్లు. గ్యాస్ పొయ్యి రెండు వైపులా ఇరుసుల మీద వేలాడుతోంది, పడవ ఎటు ఒరిగినా గిన్నె నిలువుగా ఉండేటట్టు. కప్పులు కొక్కేలకు. అలమరలకు అడ్డంగా పట్టీలు. కారం, పసుపు, మక్కపిండి డబ్బాలకు ఒక్కొక్కదానికి సైకిల్ ట్యూబు రబ్బరు. తొట్టి దగ్గర రెండు కుళాయిలు, ఒకటి ఉప్పునీళ్లకు, ఒకటి మంచినీళ్లకు. మంచినీళ్ల కుళాయి కింద ఒక చిన్న గ్లాసు తాడుతో కట్టి ఉంది, అంతకు మించి ఒక్కసారికి వాడకూడదన్నట్టు. అంతా ఒక్క చేతి పొందిక. ఆ చెయ్యి రమదని పడక పక్కన దొరికిన నోటుబుక్కు చెప్పింది.

భూమన్న రోజూ రాసుకున్న పడవ దినచర్య అది.

'జనవరి 22. పొద్దుగాల ఒడ్డు గాలి. తెరచాప సగం. రమ బంగడ చేపల పులుసు. అఖిల్‌కు ఎండదెబ్బ. మంచినీళ్లు ఇరవై లీటర్లున్నయి.'

'జనవరి 23. గాలి లేదు. లంగరు. రమ తెరచాప చినుగు కుట్టింది. తాబేలు కనవడ్డది.'

'జనవరి 25. సముద్రం లేచింది. రమ అన్నం వండుకుంట పాట పాడింది. వాన రాలే.'

నలభై పేజీలు తిప్పాను. రమ పేరు లేని పేజీ దొరకలేదు. అనురాధ పేరున్న పేజీ కూడా దొరకలేదు. పదహారేళ్లు మస్కట్ ఫోన్ల కోసం ఎదురుచూసిన ఆడమనిషి ఇది చదివితే ఏమవుతుందో అనిపించింది.

ఫిబ్రవరి 8 తర్వాత 10 ఉంది. 9 లేదు.

ఆ పేజీని కుట్టు దగ్గర జాగ్రత్తగా చింపేశారు. మిగిలిన కాగితాల అంచులన్నీ ఉప్పు తేమకు పసుపెక్కి, అలలు తిరిగి ఉన్నాయి. చినిగిన అంచు మాత్రం తెల్లగా, గరగరలాడుతూ ఉంది. సముద్రం మీద చింపితే అదీ ముడుచుకునేది. అంటే ఇది పడవ కోరుట్ల చేరాక చినిగింది.

పైకొచ్చి, కింద నిలబడ్డ అనురాధను అడిగాను. "చెల్లె, పడవ తాళం ఎవరి దగ్గర ఉంటది?"

"నా దగ్గరనే సార్. మహిపాల్ సార్ అడిగితె మూడు దినాలు ఇచ్చిన."

ఇంకేం కావాలి నాకు? మహిపాల్ వైపు తిరిగాను. "తొమ్మిదో తారీఖు పేజీ ఏది?"

"నన్నడుగుతవేంది? నేను తీసుకునేటప్పటికే లేదు. కార్వారోళ్లకు రాసిన కాయితంల గూడ గా ముచ్చట రాసిన."

"నీ కథకు అడ్డమొచ్చే కాయితమైతే చింపవా?"

"అన్నా," అన్నాడు వాడు, మొదటిసారి నవ్వు లేకుండా. "నాకు నేర్పినోడివి. గింత మాట అనకు. పేజీ పోతె నాకేం లాభమో ఒక్కసారి ఆలోచన చెయ్యి."

ఆలోచించి ఉండాల్సింది. వాడు దొంగ అయితే బాగుండునన్న ఆశ నన్ను ఆలోచించనివ్వలేదు. పదకొండూ పదికి వేములవాడ మీదుగా పోయే బస్సు ఎక్కాను.

ఒంటిగంటా ఇరవై అయిదుకి సిరిసిల్లలో అఖిల్ మేనమామ షెడ్డులో ఉన్నాను. ఎనిమిది సాంచాలు ఒకేసారి కొట్టుకుంటున్నాయి. అఖిల్ నన్ను చూసి తన సాంచా ఆపాడు. ఇరవై తొమ్మిదేళ్లు. సముద్రపు ఎండకు మాడిన నలుపు ఇంకా ముఖం మీదే ఉంది. పక్కన గోడవారన రమ కూర్చుని కండెలు చుడుతోంది, మగ్గానికి పోగు అందించే చిన్న కడ్డీలు అవి. నేనెవరో చెప్పగానే ఆమె చెయ్యి ఆగింది.

"పదకొండో తారీఖు, అయిదు నలభైకి నువ్వెక్కడున్నవ్?"

"లోపల పండుకున్న సార్. పన్నెండు నుంచి మూడు దాక నా వంతు. మూడు నుంచి ఆరు దాక అన్న వంతు."

"ఎవరు ముందు లేచిన్రు?"

"రమ. దబ్బుమని సప్పుడైందన్నది. నేను పైకి పోయేటప్పటికి అన్న లేడు. తెరచాప కొట్టుకుంటుంది. పడవ మళ్లేసేటందుకు నాకు పావుగంట పట్టింది. అన్న అయితె మూడు నిమిషాలల్ల మళ్లేస్తుండె. నాకు రాకపాయె సార్."

"అన్న మీద కోపముండెనా?"

"కోపం కాదు. కుళ్లు ఉండె."

షెడ్డు చప్పుడులో నేను సరిగ్గా విన్నానా అని ఆగాను. వాడు తల దించుకోలేదు.

"నేను చెప్తె పదిసార్లకు గూడ వినది గిది," అని రమ వైపు చూపించాడు. "అన్న చెప్తె ఒక్కసారికే. గాలి ఎటుందో అన్ననే అడుగుతది. వంటల ఉప్పు సాలిందా అని అన్ననే అడుగుతది. తప్పు పనేం లేదు సార్, నాకు తెలుసు. అయినా మండుతుండె."

"గీ మాట పోలీసులకు చెప్పినవా?"

"అడిగితె చెప్త."

ఇలాంటివాడిని కాపాడడం చాలా కష్టం. నేను మాట మార్చాను. "పడవ మీద దినమంతా ఏం చేసేటోళ్లు?"

వాడి ముఖం ఒక్కసారిగా తేటపడింది. "అయిదింటికి లేసుడు. లంగరు జరిగిందా సూసుడు. పై చెక్క మీద మంచు పడ్తది, గుడ్డతోటి ఒత్తి గా నీళ్లతోనే ముఖాలు కడుగుడు. బియ్యం కడుగుడు ఉప్పునీళ్లతోనే, ఎసట్ల గూడ ఒక పాలు ఉప్పునీళ్లు, ఉప్పు వేరే ఎయ్యనక్కర లేదు. సముద్రంల మునిగి తానం, ఎనక ఒక్క గ్లాసు మంచినీళ్లు. పగటీలి లోపల పొయ్యి మీద కూసున్నట్టుంటది, లుంగీ తడిపి కిటికీకి కడ్తుంటిమి. మాపటీలి సముద్రం గాలి రాంగనె తెరచాప లేపుడు. ఒక్కోదినం ఏ పని లేదు సార్. మల్లొక ఊరి కొండ కనవడేదాక కూసునుడే."

"ముళ్లు ఎవరు నేర్పిన్రు?"

వాడు లేచి సాంచా దగ్గరికి పోయాడు. ఒక పోగు తెంపి, రెండు వేళ్లతో ముడేసి, చిన్న కత్తెరతో కొస కోశాడు. అంతా మూడు సెకన్లు. "గిది మా ముడి. పడవ మీద రెండు తాళ్లు కలిపే ముడి గూడ గిదే. మొదటి దినం నేనేస్తె అన్న నవ్విండు, సగం పని పుట్టుకతోనే వచ్చిందిరా నీకు అన్నడు. నేను కొస కోసిన. గంటల తాడు ఊడి తెరచాప గాలిలకు పోయింది. పోగు పోగును పట్టుకుంటది గని, నైలాన్ తాడు పట్టుకోదట, వదులు బిగువైతుంటె జారిపోతదట. బెత్తెడు కొస వదలాలె, కాల్చాలె. ఆ దినం కెళ్లి మేమిద్దరం కత్తెర ముట్టలే."

ఇరవై ఆరు ముళ్లకూ జవాబు దొరికింది. ఆ పడవ మీద బతికినవాళ్ల చెయ్యి అలవాటుగా కురచ ముడి వెయ్యదు. కురచ ముడి వేసింది నేతపని తెలిసి, పడవ పని తెలియని చెయ్యి. ఎవరో చుట్టపు చూపుగా వచ్చినవాళ్లు.

"తొమ్మిదో తారీఖున పడవ మీదికి ఎవరొచ్చిన్రు?"

అఖిల్ రమ వైపు చూశాడు. రమ వెంటనే అంది, "నువ్వు పోయి చాయ్ తీస్కరా."

వాడు బయటికి వెళ్లిపోయాడు. గోడ గడియారంలో ఒకటీ యాభై.

రమ కండెల బుట్ట పక్కకు జరిపింది. ఇరవై ఆరేళ్ల పిల్ల. వేళ్ల మీద పడవ తాళ్ల కాయలు ఇంకా మానలేదు.

"అనురాధక్క వచ్చింది సార్. ఎనిమిదిన వచ్చి పదిన పోయింది. పదహారేండ్లు దుబాయి మస్కట్ అని ఆగింది, ఇంటికొచ్చిన మనిషి మల్ల సముద్రం పాలాయె. ఫోన్ల వీడియో పెట్టినప్పుడల్ల ఎనక నేనే కనవడ్తుంటి, అన్నకు చాయ్ ఇచ్చుకుంట. ఆమె జాగల ఉంటె నాకు గూడ కాల్తుండె. సూస్త అని వచ్చింది. వచ్చిన కాడి నుంచి వాంతులే."

"తొమ్మిదిన ఏమైంది?"

"అన్న నడుం తాడు ఇనుప అంచుకు రాసుకొని తెగింది. అఖిల్ గ్యాస్ కోసం ఒడ్డుకు పోయిండు. నేను కొత్త తాడు తీస్తున్న. అక్క నా చేతులకెళ్లి గుంజుకుంది. మా ఆయన నడుముకు నువ్వు కట్టుడేంది అన్నది. అక్క పుట్టినిల్లు గీ సిరిసిల్లనే సార్. పెండ్లయ్యేదాక కండెలు చుట్టిన చెయ్యే. తెగిన తాడునే ముడేసి టక్కున కోసింది." రమ గొంతు తగ్గించింది. "నేను సూసిన."

"చెప్పలేదా?"

"చెప్పలే."

"ఎందుకు?"

"పద్నాలుగు నెలలు గా ఇల్లు నాదనుకున్న సార్. ఆమె రెండు దినాలకొచ్చి, వాంతులు చేసుకుంట గూడ, నేను సదిరిన గిన్నెలన్నీ మల్ల సదిరింది. నాకు మండింది. ఊడితె ఊడనీ, నీ పెండ్లాం ముడి గింతేనా అని అన్న నవ్వాలె అనుకున్న. తాడు ఊడనీ అనుకున్న సార్. మనిషి పోతడని అనుకోలే." ఆమె ఏడవలేదు. కండె చుట్టే కడ్డీని గట్టిగా పట్టుకుని కూర్చుంది. "రెండు దినాలు నా నోటిమీదికి వచ్చింది. వచ్చినప్పుడల్ల మింగిన."

పొద్దుటి నుంచి నేను మింగుతున్నదీ అదే మరి.

"సార్, అక్కకు చెప్పకుండ్రి. ముడి తనదేనని తెలిస్తె బతకది. నేను సూసి ఊకున్ననని తెలిస్తె..." అని ఆగింది. "అఖిల్‌ను ఎట్లన్న బయటపడేయుండ్రి. గది మాత్రం చెప్పకుండ్రి."

"చెప్పను," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. నా నంబరు ఆమెకు ఇచ్చి రెండూ నలభై బస్సు అందుకున్నాను.

దారి పొడుగునా లెక్క వేసుకున్నాను. అనురాధ పేరు తీయకుండానే పని అవుతుంది. కురచ ముడి పడవ అలవాటున్న చెయ్యి కాదని చెప్పాలి, ఎవరో కొత్తవాళ్లు వచ్చారని చెప్పాలి, వారం గడువు అడగాలి. ఆ వారంలో అనురాధను పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా చెప్పుకోవచ్చు. పథకం బాగానే ఉంది. అందులో మహిపాల్ లేడు, అదొక్కటే లోపం.

నాలుగూ యాభైకి దొడ్లోకి వచ్చాను. ఇద్దరు కార్వార్ పోలీసులు కుర్చీల్లో కూర్చుని చాయ్ తాగుతున్నారు. మహిపాల్ వాళ్లకు హిందీలో ఏదో చెబుతున్నాడు. అనురాధ పడవకు ఆనుకుని నిలబడి ఉంది.

నేను ఇరవై ఆరు ముళ్ల సంగతి చెప్పాను. పెద్ద పోలీసు ఆసక్తిగా విన్నాడు. మహిపాల్ అడ్డం వచ్చాడు.

"కొత్త మనిషి ఎవరన్నా? పేరున్నదా?"

"వారం ఇస్తే చెప్త."

"వారంల అఖిల్ మస్కట్‌ల ఉంటడు." వాడు పోలీసుల వైపు తిరిగి, తెలుగులోనే, నాకు వినపడాలనే అన్నాడు. "మా గురువు సార్ ఈయన. ఒకప్పుడు మంచిగ చేసిండు. ఇప్పుడు వయసైంది, ఊకె బస్సులల్ల తిరుగుతడు. ఏమనుకోకుండ్రి."

పోలీసులకు అర్థమైందో లేదో తెలియదు. నాకు అర్థమైంది. ఆరేళ్ల మంట ఒక్కసారిగా నెత్తికెక్కింది.

"పేరు కావాల్నా? అనురాధ! ఎనిమిదిన పోయి పదిన వచ్చింది. తొమ్మిదిన గా ముడేసింది ఈమెనే. తెల్వక ఏసింది, సిరిసిల్ల అలవాటుతోటి ఏసింది. అందుల కుట్ర లేదు, హత్య లేదు. రమ కండ్లార సూసింది. కురచది, ఊడుతదని గూడ తెలుసు రమకు. చెప్పలేక ఊకుంది. ఇగ రాసుకో తమ్మీ, టీవీల చెప్పుకో!"

మహిపాల్ ముఖం పాలిపోయింది. ఆ ముఖం చూడాలని ఆరేళ్లుగా కోరుకున్నాను. ఒక్క నిమిషం, నిజం చెబుతున్నాను, చాలా సంతోషం వేసింది.

అనురాధ మెల్లగా అంది, "నేను పడవ ఎన్నడు ఎక్కలే. ఎనిమిది నుంచి పది దాక మెట్‌పల్లిల మా ఆడిబిడ్డ ఇంట్ల ఉన్న."

"చెల్లె!"

"బుక్కుల సూడుండ్రి. నా పేరుంటె గద."

మహిపాల్ నన్ను చూశాడు. ఆ చూపులో గెలుపు లేదు, నాకు అదే ఎక్కువ భయం వేసింది. పెద్ద పోలీసు హిందీలో అడిగాడు, మహిపాల్ తప్పనిసరై ఉన్నదున్నట్టు చెప్పాడు. ముడి ఊడుతుందని రమకు ముందే తెలుసు. రెండు రోజులు దాచింది. ఆ విషయం ఆమె నోటితోనే ఒప్పుకుంది. వేసింది ఇంకెవరో అనడానికి ఆమె మాట తప్ప సాక్ష్యం లేదు. ఫోన్ టవర్ లెక్కలు తీయించండి, అనురాధ కార్వార్‌లో ఉందని తేలుతుందని నేను అరిచాను. తీయిస్తాం, వారం పడుతుంది, ఈలోపు ఇద్దరినీ తీసుకుపోతాం అన్నాడు పెద్ద పోలీసు. భార్యాభర్తలు కలిసి చేసిన పనిలా ఉందన్నాడు.

అయిదూ పదికి పోలీసులను ఎక్కించుకుని మహిపాల్ తెల్ల కారు బయలుదేరింది. సిరిసిల్లకు గంటన్నర, మహా అయితే గంటా నలభై.

దొడ్లో నేనూ అనురాధా మిగిలాం. ఆమె పసుపు కుప్ప పక్కన కూలబడింది. నేను పోయి ఎదురుగా నిలబడ్డాను.

"ఎందుకట్ల అబద్ధం చెప్పినవ్?"

"ముడి నాదని నాకు తెలుసు సార్. గా ఫొటో సూసిన దినమే తెలిసింది. నా చెయ్యి నేను గుర్తు పట్టనా?" ఆమె కళ్లలో ఒక్క చుక్క లేదు. "గా రమ సూసిందా, సూసి ఊకుందా, గా ఒక్కటి తెల్వక నిద్ర పట్టలే. మహిపాల్ సార్‌ను అడిగితె ఎందుకని అడుగుతడు. మీరైతె ఆయన మీది పోటీకి అన్నీ చెప్తరని అందరు అన్నరు."

కోరుట్లలో నా గురించి అందరికీ తెలిసిన సంగతి అదన్నమాట.

ఆమె జాకెట్లోంచి ఒక చిన్న ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో మడిచిన కాగితం. మూడు అంచులు పసుపెక్కి అలలు తిరిగాయి, నాలుగోది తెల్లగా ఉంది. విప్పి, నా చేతికి ఇవ్వకుండా చూపించింది.

'ఫిబ్రవరి 9. గాలి లేదు. లంగరు. అనురాధకు వాంతులు తగ్గినయి. పప్పుచారు చేసింది. నడుం తాడుకు తనే ముడేసింది. కొస కురచ. మార్చాలె. ఇప్పుడు మారిస్తె నొచ్చుకుంటది. పోయినంక మారుస్త.'

"పదో తారీఖు పొద్దుగూకంగ పోయిన," అంది అనురాధ. "తెల్లారి ఆయన పోయిండు."

"చెల్లె, గిది చాలు. రమ బయట పడ్తది. అఖిల్ బయట పడ్తడు. నీ మీద గూడ కేసు రాదు, తెల్వక చేసిన పని. ఇయ్యి. మహిపాల్‌కు ఫోన్ చేసి కారు మలిపిస్త."

ఆమె కాగితాన్ని మళ్లీ మడిచింది.

"పద్నాలుగు నెలల బుక్కు సార్ అది. దినాం దాని పేరే. అది వండింది, అది కుట్టింది, అది పాట పాడింది. నా పేరున్నది గీ ఒక్క కాయితమే. గిది గూడ దానికోసమే ఇయ్యాల్నా?"

చెయ్యి చాపాను. ఆమె వెనక్కి జరిగింది. గుంజుకుందామా అని ఒక అడుగు వేశాను కూడా. అప్పుడు నా జేబులో ఫోన్ మోగింది. సిరిసిల్ల నంబరు.

"సార్, నేను రమను," అంది గొంతు. వెనక సాంచాల చప్పుడు లేదు, అన్నీ ఆపేసినట్టున్నారు. "ఎవరో ఫోన్ చేసిన్రు. అఖిల్‌తోని నన్ను గూడ తయారుండుమన్నరు. ఎందుకో చెప్పలే. అక్కకు మీరేం చెప్పలే గద సార్?"